లారీకి ఎదురొచ్చిన మనిషి

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు ఆవిడ లారీయే తెచ్చింది. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో మా వీధి చివర హారను మోగితే, బియ్యం బస్తాల కోసం ఏ మిల్లుకో వచ్చి దారిలో పలకరించడానికి ఆగిందనుకున్నాను. వెళ్లి చూస్తే లారీలో సరుకు లేదు. ఏలూరు నుంచి ఇంత దూరం ఖాళీ బండిని తోలించే అలవాటు మా అత్తయ్యకు లేదు. డ్రైవరు సాయిబు చక్రం మీద చేతులు అలాగే ఉంచి, దిగకుండా, "అమ్మగారు లేరండీ. తెల్లారగట్ల పోయారు" అన్నాడు. నేను అక్కడే నిలబడిపోతే మళ్లీ తనే అన్నాడు: "ఎక్కి కూచోండి బాబూ. ఇంజను ఆపానంటే మళ్లీ హ్యాండిలు తిప్పే సత్తువ నా చేతుల్లో లేదు."

దినకర్మలు కూడా కాకముందే ఏలూరులో కొందరు పెద్దమనుషులు ఒక మిల్లు వసారాలో చేరి సంతాపం తెలిపారు. నన్నూ పిలిచారు. కుర్చీలు వేశారు, సోడాలు తెప్పించారు. ఒకాయన లేచి ఆవిడ శాంతమూర్తి అన్నాడు. ఇంకొకాయన భూదేవంత ఓర్పు అన్నాడు. మూడో ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "గుట్టుగా బతికిన ఇల్లాలండీ" అన్నాడు. ఈ మూడో ఆయన కొల్లేటి పక్క ఊరి కామందు. ఆయన నోట ఆ మాట వినగానే నేను సోడా సీసా అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. ఆ వసారాలో చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను.

మా మేనత్త శాంతమూర్తి కాదు. హమాలీలను ఆవిడ తిట్టిన తిట్లలో సగం రాసి పంపినా ఈ పత్రిక సంపాదకుడు మళ్లీ నా వ్యాసం ముట్టుకోడు. ఓర్పు లేదు. గుట్టు అసలే లేదు. ఏలూరు కాలవ గట్టున పట్టపగలు చాప వేసుకుని, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టుకుని, ఇనప గొలుసులు కడిగే మనిషికి గుట్టేమిటి? బతికి ఉండగా ఎవరినైతే ఎదురు రావద్దన్నారో ఆవిణ్ణే పోయాక దేవతను చేయడం వీళ్లకు సులువు. దేవత ఎదురు రాదు కదా.

మా మామయ్యకు ఎడ్లబళ్లు ఉండేవి. మిల్లుల నుంచి స్టేషనుకు బియ్యం తోలేవాడు. కాలం మారుతోందని బళ్లు అమ్మి ఒక పాత లారీ కొన్నాడు. దాని వెనక తగిలించడానికి నాలుగు చక్రాల బల్లబండి ఒకటి చేయించాడు. ఇంగ్లీషు చదివినవాళ్లు దాన్ని ట్రెయిలరు అన్నారు, మావాళ్లు వెనకబండి అన్నారు. దాని రంగు ఆరిందో లేదో ఆయన జ్వరం తగిలి పోయాడు. పిల్లలు లేరు. బంధువులు వచ్చి, లారీ అమ్మేసి మూలగదిలో కూచుని రామా కృష్ణా అనుకోమన్నారు. అత్తయ్య వాళ్ల మాట సాంతం విని, "షెడ్డులో కూచుని అనుకుంటే రాముడు వినడా?" అని అడిగింది. మర్నాటి నుంచి లారీ షెడ్డులో పీట వేసుకుంది. చచ్చేదాకా ఆ పీట అక్కడే ఉంది.

వీధిలో ఆడవాళ్లు "మెడలో గొలుసు పోయిందని చేత్తో గొలుసు పట్టిందమ్మా" అని నవ్వారు. ఆ మాట ఆవిడ చెవిన పడేటట్టే అన్నారు. అత్తయ్య కోప్పడలేదు. ముక్కుపొడి డబ్బా మూత తట్టి, "అది తెగితే నేనొక్కదాన్నే ఏడిచాను. ఇది తెగితే ఎందరు ఏడవాలో మీకేం తెలుసు?" అంది. ఆ నవ్విన వాళ్లు తరవాత కూడా నవ్వారు కానీ, ఆవిడ ముందు కాదు.

గొలుసులంటే ఆవిడకు పిచ్చి అని అందరూ అనేవారు. నిజమే. కాకినాడ రేవులో ఓడలవాళ్లు తీసేసిన గొలుసులు కొని, కాలవ మీద పడవలో ఏలూరు తెప్పించేది. సన్నవి, పొట్టి లంకెలవి. వాటిని కిరసనాయిల్లో కడిగి, నులకమంచం మీద ఎండబెట్టి, ఒక్కొక్క లంకెను కళ్లు మూసుకుని వేళ్ల మధ్య తిప్పేది. కళ్లెందుకు మూస్తారంటే, "కళ్లకి మెరుపు కనబడుద్దిరా. వేలికి నెర్రె తగులుద్ది" అనేది. అనుమానం వచ్చిన లంకె మీద బొడ్లోంచి సుద్దముక్క తీసి గీత గీసేది. గీత పడిన గొలుసు మళ్లీ లారీ ఎక్కేది కాదు. దాన్ని ఎవరైనా బావి చేదకో గేదెకో కట్టుకుంటామంటే ఇచ్చేసేది. "తాడు సాగి చెబుద్ది. గొలుసు చెప్పకుండా తెగుద్ది" అని ఆవిడ మాట. లారీ దగ్గర పనికి చేరిన ప్రతివాడూ మొదట ఆ మాట వినవలసిందే. రెండో మాట, "లావు చూడకు, అతుకు చూడు."

సంస్కర్తలం మేం ఆవిణ్ణి మావైపు లాక్కోవాలని చూడకపోలేదు. ఒకసారి ఉంగుటూరులో సభ పెట్టి, వితంతువుల దుస్థితి గురించి నాలుగు మాటలు చెప్పమని అడగడానికి వెళ్లాను. "మీ సభకి బల్లలూ కుర్చీలూ మొయ్యడానికి లారీ కావాలా? బాడుగ ఇచ్చుకో, పంపుతాను. నా దుస్థితి బాడుగకి లేదు" అని పంపేసింది. అంతా వదిలేసిన మనిషి అనుకోకండి. శుక్రవారం పూట బండి చక్రాలకు తనే నీళ్లు చల్లి పసుపు బొట్టు పెట్టేది. ఇదేమి నమ్మకమని నేను దెప్పితే, "నీకు నమ్మకం లేదు. నాకు నీతో వాదించే తీరిక లేదు. లేచి ఆ డబ్బా ఇలా ఇవ్వు" అనేది. మా వాదాలన్నీ అలాగే ముగిసేవి.

ఇక ఆ కామందుగారి సంగతి. ఆయనది ఉంగుటూరుకు దక్షిణాన, కొల్లేటి అంచున ఊరు. ఎండాకాలం నీళ్లు వెనక్కి తీస్తే బయటపడే ఒండ్రు నేల ఆయనకు చాలా ఉంది. ఆ నేలలో ఎడ్లు మోకాలి బంటిన దిగిపోతాయి. అందుకని ఆయన మద్రాసు దాకా పోయి ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. రైలు మీద తాడేపల్లిగూడెం గూడ్సు షెడ్డుకు వచ్చింది. నాలుగూ ఇనపచక్రాలే. వెనక చక్రాలకు మొసలి పళ్లలాంటి ఇనప మేకులు. దాన్ని నడుపుకుంటూ పోతే రోడ్డు చాళ్లు పడుతుందని రోడ్డు ఓవర్సీయరు వద్దన్నాడు. నడపడం వచ్చినవాడు కూడా ఇంకా రాలేదు. కాబట్టి వెనకబండి మీద ఎక్కించి ఊరు చేర్చాలి. ఆ చుట్టుపట్ల వెనకబండి ఉన్నది మా అత్తయ్యకు ఒక్కర్తెకే.

ఆవిడ లారీ ముందుసీట్లో కూచుని, కాళ్ల దగ్గర గోనెసంచుల్లో గొలుసులు పెట్టుకుని ఏలూరు నుంచి వచ్చింది. నేను చూడబోయాను. ఊరు ఊరంతా అక్కడే ఉంది. మావంటి నవనాగరికులు కూడా ఉన్నారు, యంత్రయుగం వచ్చిందని చప్పట్లు కొడుతూ. అత్తయ్య పలకల మీదుగా ట్రాక్టరును బండి మీదికి నెట్టించింది. ఇనపచక్రం చెక్క మీద జారుతుందని కింద తడిగోనెలు పరిపించింది. చక్రాలకు ముందూ వెనకా దుంగలు కొట్టించింది. అప్పుడు సంచులు విప్పింది. ముందుకు లాగి పట్టే గొలుసులు రెండు, వెనక్కి లాగి పట్టేవి రెండు. ముందువి ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు వెనక్కి జారకుండా, వెనకవి పల్లం దిగేటప్పుడు ముందుకు దూకకుండా. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వరికట్టల బండి కట్టిన ప్రతివాడికీ తెలిసిందే.

కామందుగారికి ఆ గొలుసులు నచ్చలేదు. "ఏవండీ, మరీ ఇంత సన్నవి ఆగుతాయంటారా?" అన్నాడు.

"వీటికి ఓడ ఆగిందండీ. మీ ట్రాక్టరు ఓడకన్నా పెద్దదా?" అంది అత్తయ్య. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఆయన పాలేర్లు ఇద్దరు అప్పటికే ఒక పెద్ద గంప దించుతున్నారు. అందులో వాళ్ల ఊరి రథం గొలుసు ఉంది. తీర్థంనాడు దేవుడి రథానికి కట్టి ఊరంతా లాగే గొలుసు. లంకె లంకె పిడికిలంత లావు. ఏటేటా పూసిన పసుపు పొరలు పొరలుగా గట్టిపడి, ఇనుము ఎక్కడుందో కనబడకుండా ఉంది. యంత్రం ఊళ్లోకి దేవుడి గొలుసుతో రావాలని ఆయన మొక్కుకున్నాడట.

అత్తయ్య ఒక లంకె ఎత్తి, కళ్లు మూసుకుని వేళ్లు తిప్పింది. ఒకచోట ఆగింది. బొటనవేలి గోరుతో పసుపు గీకింది. పెచ్చు ఊడి పడింది. జనంలో గుసగుస లేచింది. విధవ దేవుడి గొలుసు ముట్టుకోవడమే కాక పసుపు గీకేసింది! ఆవిడ అదేం పట్టించుకోలేదు.

"అయ్యా, ఇది అతుకు విడుతోంది. పసుపు కింద తుప్పు తినేసింది. దేవుణ్ణి లాగడానికి ఇది చాలు. వందమంది నెమ్మదిగా లాగుతారు, దేవుడికి తొందరేం లేదు. మీకంత కోరికగా ఉంటే దండలాగా ట్రాక్టరు మీద వెయ్యండి. బరువు మాత్రం దీనిమీద పెట్టకండి" అంది. తరవాత పాలేర్లవైపు తిరిగి, "మీరెందుకు ఎక్కారు? దిగండి" అంది. చక్రాల వెనక దుంగలు పట్టుకుని కూచోమని కామందుగారు చెప్పాడట. "జారితే మనిషి ఆపుతాడా? జారకుండా కట్టాను. దిగండి." వాళ్లు ఆయన మొహం చూశారు. ఆయన అలాగే అన్నట్టు తల ఊపాడు. వాళ్లు దిగారు.

అప్పుడు పురోహితుడు వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన పైపంచె సర్దుకుంటూ అత్తయ్య దగ్గరకు వచ్చాడు. ఎంత మెత్తగా మాట్లాడాడో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "ఏవండీ, మీరు తప్పుగా అనుకోకూడదు. మీరంటే మాకెంతో గౌరవమండీ. శుభమా అని బండి కదిలేటప్పుడు... మీరు కాస్త ఆ వ్యాగను అవతల నిలబడితే... ఒక్క క్షణమేనండీ."

ఇతర జిల్లాలవాళ్లు మా గోదావరి మాట తీపి అని మెచ్చుకుంటారు. నిజమే, తీపే. మా దగ్గర మనిషిని మెడపట్టి గెంటరు. "అండీ" అని గెంటుతారు. బూతు తిడితే తిరిగి తిట్టవచ్చు. చెయ్యి చేసుకుంటే కచేరికి పోవచ్చు. ఈ మెత్తదనాన్ని ఏం చేస్తాం? చేతులు జోడించి నిన్ను అపశకునం అంటే, నువ్వు కూడా చేతులు జోడించి తప్పుకోవలసిందే, లేకపోతే మర్యాద తెలియనిదానివవుతావు. నేను గట్టిగా అడ్డుపడ్డాను. యంత్రం కొనడానికి మద్రాసు పోయిన మనిషికి దాని ముందు నిలబడే ఆడమనిషిని చూస్తే భయమేమిటని అడిగాను. అత్తయ్య నా జబ్బ పట్టుకుని లాగింది. "నోరు ముయ్యి. నువ్వు అరిస్తే వీళ్లు సామాను దించుకుని ఇంకెవడి చేతో కట్టించుకుంటారు. వాడెలా కడతాడో? ఆ కొబ్బరికాయేదో కొట్టుకోనీ. అయ్యాక నేను మళ్లీ చూసే పంపుతాను" అంది. తరవాత వ్యాగను అవతలకు నడిచింది. తల ఎత్తుకునే నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

ఇవతల బండి దగ్గర ఏం జరిగిందో డ్రైవరు సాయిబు తరవాత చెప్పాడు. హారతి ఇచ్చారు. కామందుగారికి మొక్కు గుర్తొచ్చింది. గొలుసు దండలాగా వేస్తే మొక్కు చెల్లదని పురోహితుడన్నాడు. దేవుడు ముందుండి నడిపించాలి కాబట్టి, ముందుకు లాగి పట్టే రెండు గొలుసులూ విప్పించి, వాటి చోట రథం గొలుసు కట్టమన్నాడు కామందు. డ్రైవరు వద్దన్నాడు, అమ్మగారిని పిలుస్తానన్నాడు. ముహూర్తం దాటిపోతోందన్నారు. పోనీ తనే కడతానని చెయ్యి వెయ్యబోతే, "మీరు ముట్టుకోకండి సాయిబుగారూ, దేవుడిది" అన్నారు. మళ్లీ "గారు". పాలేర్లే కట్టారు. ఆ లావు లంకె బండి కొక్కేనికి దూరలేదు. కొబ్బరితాడుతో కట్టి ముడి వేశారు. దేవుడి గొలుసు మీద మరీ అంత భరోసా లేదు కాబోలు, పాలేర్లను మళ్లీ బండి ఎక్కించి దుంగలు పట్టుకోమన్నారు. అందరూ మీద పడి తొందరపెడితే డ్రైవరు లారీని ముందుకు పోనిచ్చాడు.

గమనించండి. అక్కడ గొలుసు మంచిచెడ్డ తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు విధవ, చూడకూడదు. ఒకరు సాయిబు, తాకకూడదు. చూడగలిగినవాళ్లనూ తాకగలిగినవాళ్లనూ పక్కన నిలబెట్టి, మిగిలిన అందరూ కలిసి ఆ బండి కట్టారు. ఇదీ మన సంప్రదాయం చేసే ఏర్పాటు.

చప్పుడు విని మేం ఇవతలకు వచ్చేసరికి లారీ రోడ్డెక్కేసింది. నేలమీద అత్తయ్య గొలుసులు రెండు, కొబ్బరిచిప్పల పక్కన పడి ఉన్నాయి. వాటిని చూడగానే ఆవిడ మొహం ఎలా అయిందో నేను రాయలేను. జట్కా ఒకటి ఉంటే ఎక్కి కూచుని, బండివాణ్ణి భుజం మీద గుద్దింది. కాలవ వంతెన దాకా వెళ్లాం. మా కాలవల మీద వంతెనలు మీకు తెలుసు, పడవలు కింద నుంచి పోవాలి కాబట్టి ఏనుగు వీపులాగా ఉంటాయి. లారీ ఆ ఎత్తు మీద ఆగి ఉంది. ట్రాక్టరు వెనకబండి మీద లేదు, వెనక్కి జారి వంతెన వాలులో పడి ఉంది.

ఒక పాలేరు కాలవలోకి దూకి బతికాడు. రెండోవాడు దూకలేదు. దుంగ పట్టుకోమన్నారు కాబట్టి పట్టుకునే ఉన్నాడు. అత్తయ్య ఆ ఇనప చక్రం పక్కన మోకాళ్ల మీద కూచుని, గునపాలు తెమ్మని, దుంగలు తోయమని, లారీని వెనక్కి రానిచ్చి గొలుసు వెయ్యమని కేకలు పెట్టింది. చక్రం లేపారు. అప్పటికే అతని ప్రాణం పోయింది. ఆవిడ పైటతో అతని మొహం మీద మట్టి తుడిచింది. తరవాత వంతెన మీద నడిచి వెళ్లి, తెగిన లంకె వెతికి తెచ్చి నాకు చూపించింది. తాడు ముడి గట్టిగానే ఉంది. లంకె అతుకు దగ్గర నోరు తెరిచింది. లోపల నల్లగా తుప్పు. బయట పసుపు.

ఇంతవరకూ ప్రమాదం. ఇక్కడినుంచి నా కోపం. వారం తిరక్కుండా గూడెం నుంచి కొల్లేటికోట దాకా ఒకటే మాట పాకింది: విధవ ఎదురొచ్చింది, పసుపు గీకింది, దేవుడికి కోపమొచ్చింది. వ్యాగను అవతల నిలబడ్డ మనిషి ఎదురు ఎలా వచ్చిందని ఒక్కడు అడగలేదు. కామందుగారు ఆ మాట పుట్టించాడని నేననను. ఆయన కాదనలేదు, అంతే. ఎవరైనా ఎత్తితే, "పోనిద్దురూ, ఆవిడ మాత్రం కావాలని చేసిందా" అనేవాడట. ఎంత పెద్దమనసో చూడండి! ట్రాక్టరుకు శాంతి చేయించారు. గొలుసుకు కొత్త లంకె వేయించి మళ్లీ పసుపు పూశారు. పొలం దున్నారు. చచ్చినవాడి భార్య మాత్రం మొగుడు పనిచేసిన గొడ్లచావిట్లోనే పేడ ఎత్తుతూ ఉండిపోయింది.

ఆయన దుర్మార్గుడు కాదు, దానధర్మాలు చేసే మనిషి అని మీలో కొందరంటారు. నేనూ అదే అంటాను. దుర్మార్గుడైతే నాకింత మంట ఉండేది కాదు. మంచివాళ్లు, మెత్తనివాళ్లు, చేతులు జోడించేవాళ్లు ఒకరినొకరు నొప్పించకుండా అంతా కలిసి ఒక మనిషిని చంపారు. చంపి, ఆ నింద తీసుకుపోయి ఆ చావు వద్దన్న ఒక్కర్తె నెత్తిన పెట్టారు. ఆ ఒక్కర్తె పోయాక సోడాలు తాగుతూ ఓర్పుగల ఇల్లాలన్నారు. దీన్ని మర్యాద అనేవాళ్లకు నేను మర్యాద ఇవ్వను.

అత్తయ్య ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. తెగిన లంకె కొంగున కట్టుకుని ఆ ఊరు వెళ్లింది. లారీ తోలింది సాయిబు, తోడు నేను. గొడ్లచావిడి గుమ్మంలో ఆ భార్య నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"మీరు ఎదురు రాకపోతే మా ఆయన బతికేవాడంటగా అండీ" అంది. తిట్టినట్టు కాదు. నిజంగా అడిగినట్టు.

నేను నోరు తెరవబోయాను. అత్తయ్య నన్ను ఆపి, కొంగు విప్పి ఆ లంకె ఆమె చేతిలో పెట్టింది. "కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడమ్మా. చూసి, అప్పుడు నువ్వే చెప్పు."

ఆమె కళ్లు మూసుకుంది. వేలు ఆ తెరిచిన నోట్లో పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తీసేసరికి వేలికి తుప్పు అంటి ఉంది. దాన్ని చీరకు తుడుచుకోలేదు.

"ఇది మా ఆయన కట్టాడాండీ?" అని అడిగింది.

"కట్టమంటే కట్టాడు. నన్ను పక్కకి పొమ్మంటే నేను పోయాను" అంది అత్తయ్య. "ఇకమీద పోను. నువ్వు నా దగ్గరకి రా. పేడ ఎత్తే చేతులకి గొలుసులేం బరువు కాదు."

అలా ఆమె ఏలూరు వచ్చింది. షెడ్డు వెనక గదిలో ఉండేది. ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూచుని గొలుసులు కడిగేవారు. కబుర్లు చెప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య తిట్టేది, ఆమె వినేది. తరవాత కొన్నాళ్లకు ఆమె కూడా తిట్టడం నేర్చింది.

ఆ వంతెన తరవాత మా అత్తయ్య ఒక పద్ధతి పెట్టింది. ఏ బరువు కదిలినా, కట్టడం పూర్తయ్యాక ఆవిడ లారీ చుట్టూ తిరిగి ప్రతి గొలుసూ పట్టి చూసి, చివరికి లారీకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు మధ్యన వచ్చి నిలబడేది. తెల్లచీర, ఖాళీ నుదురు, నడుం మీద చెయ్యి. ఆవిడ పక్కకు తప్పుకుంటేనే లారీ కదలాలి. మొదట్లో సరుకు తాలూకు షావుకార్లు మొహం చిట్లించారు. కొందరు వేరే బళ్లు చూసుకున్నారు. "పోనీండి" అంది. శకునం చూసుకునేవాళ్ల సరుకు ఆవిడ మొయ్యలేదు. అది ఆవిడ పెట్టిన సంస్కరణసభ. ఉపన్యాసం లేదు, తీర్మానం లేదు.

మా సభలు ఏళ్ల తరబడి చెయ్యలేనిది అక్కడ జరిగింది. డ్రైవర్లకు భయం పట్టుకుంది, ఆవిడ ఎదురొస్తుందని కాదు, రాకపోతే ఎలాగని. దెందులూరు పోయే పరాయి లారీలు కూడా షెడ్డు ముందు ఆగి, "అమ్మగారూ, ఒకసారి ఎదురొచ్చి పొండి" అని అడిగేవి. బొట్టు పెట్టుకున్న ముత్తయిదువ ఎదురొస్తే మంచిదనే హమాలీలు ఆవిడ ఎదురొస్తేనే బండి ఎక్కేవారు. ఇది కూడా ఒక మూఢనమ్మకమే కదా అని నేను ఒకసారి ఎగతాళి చేశాను. ఆవిడ ముక్కుపొడి పీల్చి, "నేను ఊరికే ఎదురు రానురా. చూసి వస్తాను" అంది. నా తర్కమంతా అక్కడ చాప చుట్టేసింది.

కడపటి నెలల్లో కాళ్లు వాచి నడవలేకపోతే కుర్చీతో సహా మోయించుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఆవిడకు నేను రుణపడినవి చాలా ఉన్నాయి. చదువు ఆవిడే చెప్పించింది, జైలుకు పోతే ఆవిడే చూడవచ్చింది. అవన్నీ నేను ఒంటరిగా తలుచుకుంటాను, పత్రికకు అక్కర్లేదు.

దినకర్మల మర్నాడు షెడ్డులో లారీ బయలుదేరవలసి ఉంది. దెందులూరు మిల్లుకు ఒక బాయిలరు. ఒప్పుకున్న పని, ఆగడానికి లేదు. హమాలీలు కట్టారు. డ్రైవరు సాయిబు హ్యాండిలు తిప్పి, ఎక్కి కూచున్నాడు. ఇంజను మోగుతోంది. లారీ కదలలేదు. మిల్లు గుమాస్తా కొత్తవాడు, ఇంకా ఏమిటి ఆలస్యమని అడిగాడు. హమాలీలు నేల చూస్తున్నారు. సాయిబు ఎదురుగా ఉన్న ఖాళీ రోడ్డు చూస్తున్నాడు. నేనే వెళ్లి నిలబడదామా అని కూడా అనిపించింది. నాకు గొలుసులేం తెలుసు?

వెనక గదిలోంచి ఆ పాలేరు భార్య వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, చీరకు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరివంకా చూడలేదు. వెనకబండి చుట్టూ నడిచింది. ఒక్కొక్క గొలుసు దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, వేళ్లు పోనిచ్చింది. అంతా చూసి లారీ ముందుకు వచ్చి రోడ్డు మధ్యన నిలబడింది. సాయిబు గేరు మీద చెయ్యి వేశాడు. ఆమె పక్కకు తప్పుకోలేదు.

"కుడిపక్క వెనకది విప్పండి. ఇంకోటి తెస్తాను" అంది.

గుమాస్తా గొణిగాడు, ఎండ ముదురుతోందన్నాడు, మిల్లులో యజమాని కాచుకుని ఉన్నాడన్నాడు. హమాలీలు అతని మాట విననట్టే బండెక్కి గొలుసు విప్పడం మొదలుపెట్టారు. ఆమె అలాగే నిలబడి ఉంది. రేడియేటరు ఆవిరి ఆమె మొహానికి కొడుతోంది, నొసటి మీద జుట్టు తడిసి అంటుకుంది. ఆమె వెనక దెందులూరు దాకా రోడ్డంతా ఖాళీగా ఉంది.